మూడు రోజుల నగర దర్శనం: సంచిలో ఏ కెమెరా ఉండాలి?

రెండేళ్ల క్రితం శీతాకాలపు సెలవుల్లో మేము కుటుంబ సమేతంగా కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లాము. మూడు రోజుల ప్రయాణం. అప్పటికి మా అమ్మగారి వయసు 78 ఏళ్లు. ఆమె చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో తండ్రిగారు గోల్కొండ చూసివచ్చి మూడు సంగతులు చెప్పారట. కోట ద్వారపు గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందన్నది మొదటిది. కొండపైకి వెళ్లే దారిలో ఒక మస్జిద్ ఉన్నదన్నది రెండవది. శిఖరం మీద నిలబడితే సుల్తానుల సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయన్నది మూడవది. ఆ మూడు సంగతులనూ ఆమె ఇన్నేళ్లుగా మనసులో దాచుకున్నారు.

తీరా గోల్కొండ చేరాక ఆమె మోకాళ్లు సహకరించలేదు. బాలాహిస్సార్ వరకు సుమారు 360 మెట్లు. ద్వారం దగ్గర నీడలో కూర్చుని మా పెద్దబ్బాయితో, "నువ్వు ఎక్కి రా బేటా. పైన ఉన్నది నాకు తెచ్చి చూపించు" అన్నారు.

వాడికి ఛాయాగ్రహణం అంటే ప్రాణం. ఆ ప్రయాణం కోసం మిత్రుని వద్ద పెద్ద కెమెరా అడిగి తీసుకున్నాడు. మూడు లెన్సులు అద్దెకు తెచ్చాడు. ఫ్లాష్, ట్రైపాడ్ కూడా కలుపుకొంటే సంచి బరువు ఏడు కిలోలకు చేరువైంది. ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి ఉండాలని ద్వారం దగ్గర చెప్పారు. దాన్ని నా వద్ద వదిలాడు. సగం మెట్లకే అలసిపోయి, దూరపు దృశ్యాల లెన్సు ఒక్కటే కెమెరాకు ఉంచుకుని, మిగిలిన సంచిని చెల్లెలి చేత కిందికి పంపాడు. మస్జిద్ ముందుకు చేరేసరికి ఆ లెన్సులో ఒక మీనారు ముక్క తప్ప మరేమీ పట్టలేదు. శిఖరం చేరేసరికి బ్యాటరీ అయిపోయింది. అదనపు బ్యాటరీ బసలో ఉండిపోయింది.

కిందికి వచ్చాక అమ్మగారు కెమెరా వెనుక తెర వైపు వంగి, "ఆ మస్జిద్ ఏదీ?" అని అడిగారు. ఏదో సర్దిచెప్పి బ్యాటరీలో మిగిలిన ఆఖరి శక్తితో వాడు చూపించినవన్నీ గోడల నగిషీలు, రాతి పగుళ్లు. ఆమె కాసేపు చూసి, మనవడి ముఖం చిన్నబోవడం గమనించి, "రాళ్లు బాగున్నాయి బేటా" అన్నారు. దారంతా వాడు మాట్లాడలేదు.

ఈ వ్యాసం ఆ మౌనంలోంచి పుట్టింది. సెలవుల్లో ఏదో ఒక నగరం చూడడానికి బయలుదేరే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఏ కెమెరా తీసుకువెళ్లాలి, ఏది ఇంట్లో వదలాలి అనే ప్రశ్న ప్రతి ఇంట్లోని యువకులకూ ఎదురవుతుంది. నేను ఛాయాగ్రాహకుణ్ణి కాను, మదర్సాలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే ఆ తర్వాత మా అబ్బాయితో కలిసి ఈ విషయం ఒక పాఠంలా చదివాను. తెలిసినంత మేరకు పాఠకులతో పంచుకుంటున్నాను.

ముందు అడగవలసిన ప్రశ్న

సాధారణంగా మనం "ఏ కెమెరా మంచిది?" అని మొదలుపెడతాము. ప్రయాణానికి ఈ ప్రశ్న పనికిరాదు. "ఎవరి కోసం, ఏమి చూపించడానికి తీసుకువెళుతున్నాము?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. దానికి జవాబు దొరికితే సామాగ్రి దానంతట అదే తగ్గిపోతుంది.

హైదరాబాదునే ఉదాహరణగా తీసుకుందాం. మూడు రోజుల్లో ఒక కుటుంబం చూడగలిగేవి చార్మినార్, మక్కా మస్జిద్, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు. ఇక్కడ కెమెరాకు ఎదురయ్యే పరీక్షలు నాలుగే. మొదటిది, ఎత్తైన కట్టడం దగ్గరగా నిలబడి తీయవలసి రావడం. రెండవది, లోపలి మసక వెలుతురు. మూడవది, దూరాన ఉన్న గుమ్మటాలు. నాలుగవది, రోజంతా నడక, మెట్లు, జనసమ్మర్దం. మొదటి మూడూ లెన్సుకు పరీక్షలు, నాలుగవది మన భుజానికి. మొదటి మూడింటి కోసం మూడు లెన్సులు కొన్నవాడు నాలుగవదానిలో ఓడిపోతాడు. మా ఇంట జరిగింది అదే.

చీకటి గది నేర్పే పాఠం

కెమెరా అనే మాటకు లాటిన్ భాషలో గది అని అర్థం. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వెలుతురు వస్తే, ఎదుటి గోడ మీద బయటి దృశ్యం తలకిందులుగా పడుతుంది. వెలుతురు నడతను ప్రయోగాల ద్వారా పరిశీలించినవారిలో అగ్రగణ్యుడు ఇబ్నుల్ హైసమ్. ఆయన సుమారు 965లో బస్రాలో జన్మించి, సుమారు 1040లో కైరోలో మరణించారు. ఆయన "కితాబుల్ మనాజిర్" ఏడు భాగాల గ్రంథం. సూర్యగ్రహణ వేళ రంధ్రం గుండా పడే నెలవంక ఆకారాన్ని గురించి రాసిన మరొక గ్రంథంలో, రంధ్రం ఎంత చిన్నదైతే ఆకారం అంత స్పష్టమవుతుందని వివరించారు. అయితే రంధ్రం చిన్నదైనకొద్దీ వెలుతురు తగ్గుతుంది. నేటి కెమెరాలన్నీ ఈ రెండింటి మధ్య సర్దుబాటే.

లెన్సు మీద ఎఫ్ 1.8, ఎఫ్ 3.5, ఎఫ్ 5.6 అని ఉండే అంకెలు ఆ రంధ్రాన్ని గురించినవే. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 వద్ద లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పది రెట్లు. కుతుబ్‌షాహీ సమాధుల లోపల, పాత మస్జిదుల మెహరాబుల నీడలో ఈ తేడా బాగా తెలుస్తుంది. రంధ్రం చిన్నదైతే కెమెరా ఎక్కువసేపు తెరుచుకుని ఉండవలసి వస్తుంది. అంతలో చేయి కదిలితే చిత్రం అలుక్కుపోతుంది. 50 మి.మీ. లెన్సుతో చేత్తో పట్టుకుని తీసేటప్పుడు క్షణంలో యాభైయవ వంతు కంటే నెమ్మదిగా వెళ్లకూడదని పాతకాలపు లెక్క. ఇప్పటి లెన్సుల్లో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంటే అంతకంటే నెమ్మదిగా కూడా తీయవచ్చు.

కనుక రాత్రి వేళ తిరిగేవారు, లోపలి గదులు తీయదలచినవారు ఎఫ్ 1.8 గల చిన్న లెన్సు ఒకటి వెంట ఉంచుకోవచ్చు. 35 మి.మీ. లేదా 50 మి.మీ. లెన్సుల్లో తేలికైనవి 150 నుంచి 200 గ్రాములకే దొరుకుతాయి. జేబులో పడతాయి. ట్రైపాడ్ మోయడం కంటే ఇది మేలు. ఏదీ లేకపోతే గోడకో స్తంభానికో భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి తీయాలి. డబ్బు ఖర్చు లేని ట్రైపాడ్ అదే.

ఎంత వెనక్కి జరగగలం?

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ ఎత్తు యాభై మీటర్లకు కాస్త అటూ ఇటూ. నిలువుగా పట్టుకున్న కెమెరాలో అడుగు నుంచి మీనారు కొన వరకు పట్టాలంటే ఎంత దూరం నిలబడాలి? పూర్తి పరిమాణపు సెన్సార్ గల కెమెరాకు 50 మి.మీ. లెన్సు పెడితే సుమారు 70 మీటర్లు. 24 మి.మీ. లెన్సయితే సుమారు 33 మీటర్లు. జనం, బండ్లు, తోపుడు బండ్ల మధ్య ఆ 70 మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? దొరికినా ఎదుట అన్నీ తలలే. కనుక నగర ప్రయాణంలో వెడల్పుగా చూసే లెన్సుకే మొదటి స్థానం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మధ్యతరగతి కెమెరాల్లో ఎక్కువ వాటికి సెన్సార్ చిన్నది. వాటిలో లెన్సు మీది అంకెను సుమారు ఒకటిన్నరతో హెచ్చించుకోవాలి. అంటే 18 మి.మీ. లెన్సు 27లాగా, 50 మి.మీ. లెన్సు 75లాగా పనిచేస్తుంది. ఇది తెలియక కేవలం 50 మి.మీ. లెన్సుతో వెళ్లినవారు చార్మినార్ ముందు ఎంత వెనక్కి జరిగినా తృప్తి పడలేరు.

మరొక విషయం. దగ్గరగా నిలబడి కెమెరాను పైకెత్తితే మీనార్లు ఒకదాని వైపు ఒకటి వాలినట్లు పడతాయి. వీలైనంత దూరం జరిగి, కెమెరాను నిటారుగా పట్టి, కింద మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకుంటే కట్టడం నిలువుగా నిలబడుతుంది. చార్మినార్ నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉన్నాయి. కాబట్టి ఉదయం తూర్పు ముఖం, సాయంత్రం పడమటి ముఖం తీసుకుంటే వెలుతురు మనకు అనుకూలం.

గోల్కొండ శిఖరం నుంచి సమాధుల గుమ్మటాలకు మాత్రం దూరపు లెన్సు కావాలి. చిన్న సెన్సార్ కెమెరాకు 18 నుంచి 135 మి.మీ. వరకు సాగే ఒకే జూమ్ లెన్సు ఈ రెండు అవసరాలనూ తీరుస్తుంది. దాని బరువు అర కిలోకు అటూ ఇటూ. కెమెరాతో కలిపినా ఒక కిలో. ఖరీదైన విడి లెన్సుల పదును దానికి ఉండదు, నిజమే. అయితే సంచిలో ఉండిపోయిన పదునైన లెన్సు కంటే చేతిలో ఉన్న సాధారణ లెన్సు ఎక్కువ పని చేస్తుంది. పైగా దుమ్ములో, గాలిలో లెన్సు మార్చే అవసరం ఉండదు. మార్చిన ప్రతిసారీ సెన్సార్ మీద ధూళి పడే ప్రమాదం ఉన్నది.

చేతిలోని ఫోను

కెమెరా లేని కుటుంబాలు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. నేటి ఫోన్ల ప్రధాన లెన్సు సుమారు 24 నుంచి 26 మి.మీ. వెడల్పుతో చూస్తుంది. చాలావాటిలో దాని ప్రక్కనే మరింత వెడల్పైన లెన్సు కూడా ఉంటుంది. ఇరుకైన ప్రాంగణాల్లో అది పెద్ద కెమెరా కంటే సులభంగా పని చేస్తుంది. లాడ్ బజార్ గాజుల దుకాణాల దీపాలను రాత్రి వేళ ఫోను చక్కగా పట్టుకుంటుంది. మూడు సూత్రాలు చాలు. జేబులో రాసుకుని మసకబారిన లెన్సును తీసే ముందు మెత్తని గుడ్డతో తుడవాలి. తెర మీద రెండు వేళ్లతో లాగి పెద్దది చేయకూడదు, అది దూరాన్ని తగ్గించదు, చిత్రాన్ని కత్తిరించి సాగదీస్తుంది. తెల్లని గుమ్మటం వెలిసిపోతే తెర మీద దాన్ని తాకి, వెలుతురు కాస్త తగ్గించాలి.

ఫోనుతో మరొక లాభం ఉన్నది. అది శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. ఆ లాభం మాకు ఎలా ఉపయోగపడిందో చివర చెబుతాను.

కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా?

మూడు రోజుల కోసం కెమెరా కొనడం వివేకం కాదు. వడ్డీ వాయిదాల మీద కొనడం సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. ఏడాదికి ఒకసారి ప్రయాణించేవారికి అద్దె చాలు. నగరాల్లో కెమెరాలు, లెన్సులు రోజు లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు ఉంటాయి. తెచ్చుకునేటప్పుడు యజమాని ఎదుటే గీతలు, సొట్టలు చూసి, ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు మాట రాదు. అంతకంటే ముఖ్యంగా, బయలుదేరే రోజు కాక రెండు రోజుల ముందే తెచ్చుకోవాలి. మీటలు ఎక్కడున్నాయో ప్రయాణంలో వెతుక్కునేవాడు దృశ్యాన్ని కోల్పోతాడు.

పాతది కొనేవారు మూడు పరీక్షలు చేయాలి. లెన్సును దీపం వైపు పట్టి లోపల సాలెగూడులాంటి బూజు ఉన్నదేమో చూడాలి. ఆకాశాన్ని ఫోటో తీసి నల్లని మచ్చలు పడుతున్నాయేమో పరీక్షించాలి. షట్టర్ ఇప్పటికి ఎన్నిసార్లు పని చేసిందో అడగాలి. అద్దం గల పాత డిజిటల్ కెమెరాలు ఇప్పుడు చవకగా వస్తున్నాయి. అవి కాస్త బరువు, కానీ బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. అద్దం లేని కొత్తరకం కెమెరాలు తేలిక, కానీ ఒక బ్యాటరీకి సుమారు 300 నుంచి 400 ఫోటోలే అనుకోవాలి.

చిన్న వస్తువులు, పెద్ద అవసరాలు

మా ప్రయాణాన్ని చెడగొట్టింది పెద్ద లోపం కాదు, బసలో మరచిన బ్యాటరీ. కనుక లెన్సు ఒకటి తగ్గించి అయినా అదనపు బ్యాటరీ ఉంచుకోవాలి. అది బసలో కాక జేబులో ఉండాలి. మెమొరీ కార్డు ఒక పెద్దది కాక రెండు చిన్నవి మేలు. ఒకటి చెడినా సగం ప్రయాణం మిగులుతుంది. మామూలు ఫోటోలకు 64 జీబీ కార్డులో వేల ఫోటోలు పడతాయి. ప్రతి రాత్రి ఆ రోజు ఫోటోలను ఫోనులోకో మరొక చోటికో ఎక్కించుకోవాలి. పట్టీని ఒక భుజానికి కాక మెడ మీదుగా అడ్డంగా వేసుకుంటే జనంలో జారదు. విమానంలో వచ్చేవారు పవర్ బ్యాంకును, విడి బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. పెద్ద సామానులో వేయకూడదు.

మ్యూజియంలో ఫోటోలు అనుమతించిన చోట ఫ్లాష్ ఆపాలి. అద్దాల పెట్టె ముందు లెన్సును అద్దానికి దగ్గరగా చేర్చి, చేత్తో నీడ పడితే ప్రతిబింబం పోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, కుతుబ్‌షాహీ సమాధులు శుక్రవారం మూసి ఉంటాయి. ఆ రోజును జుమా నమాజుకూ, చార్మినార్ పరిసరాలకూ కేటాయించుకోవడం తేలిక. అయినా వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు మరొకసారి విచారించుకోవాలి.

కెమెరా కంటే ముందు మర్యాద

ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు తెలుసు. ఆ చర్చకు ఇది చోటు కాదు. తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించి ప్రతి కుటుంబం నడచుకోవచ్చు. మా అమ్మగారు తమ ఫోటో తీయనివ్వరు, మేమూ తీయము. ఆమె అడిగింది తన చిత్రం కాదు, తాను చేరలేని చోటును.

అయితే ఒక మర్యాద విషయంలో ఎవరికీ భేదం ఉండదు. నమాజు చేసుకునేవారి ముందుకు కెమెరాతో వెళ్లకూడదు. మక్కా మస్జిద్ 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయినది. అది చారిత్రక కట్టడమే, కానీ ముందుగా మస్జిద్. కావలివారు వద్దన్న చోట వాదించకూడదు. బజారులో గాజులు బేరమాడుతున్న స్త్రీలు, తోపుడు బండి దగ్గర అలసి కూర్చున్న పెద్దాయన మన వినోదం కోసం అక్కడ లేరు. అడిగి, వారు ఒప్పుకుంటేనే తీయాలి. చిన్న కెమెరాకు ఇక్కడ కూడా ఒక సుగుణం ఉన్నది. అది ఎదుటివారిని భయపెట్టదు.

రెండవ ప్రయాణం

మొన్నటి శీతాకాలంలో మళ్లీ వెళ్లాము. ఈసారి పెద్దబ్బాయి సంచి సర్దుతుంటే నేను ప్రక్కన కూర్చున్నాను. "ఏమి చూపించాలి?" అని అడిగాను. "చప్పట్లు, మస్జిద్, గుమ్మటాలు అబ్బా" అన్నాడు. దానికి సరిపడా సర్దుకున్నాడు. పాతది కొన్న చిన్న సెన్సార్ కెమెరా, దానికి 18 నుంచి 135 జూమ్ లెన్సు ఒక్కటి, రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, తుడిచే గుడ్డ, చెల్లెలి ఫోను. అంతా కలిపి తూచితే కిలోన్నర దాటలేదు.

కోట తెరిచే వేళకే చేరుకున్నాము. జనం పెరిగితే శబ్దం వినపడదని మా అమ్మాయి ఆలోచన. అన్నాచెల్లెళ్లు పైకి వెళ్లారు. నేను, అమ్మగారు ద్వారం దగ్గర ఉండిపోయాము. దాదాపు అరగంటకు ఫోను మోగింది. "దాదీని గుమ్మటం కింద నిలబెట్టండి అబ్బా. ఇప్పుడు కొట్టండి" అన్నది మా అమ్మాయి. అమ్మగారు చేతికర్ర నాకిచ్చి చప్పట్లు కొట్టారు. ఆ చేతుల్లో ఎంత బలం ఉంటుంది? కర్రను గోడకు ఆనించి నేనూ కలిశాను. మూడుసార్లు కొట్టాము.

గంట తర్వాత పిల్లలు దిగి వచ్చారు. ముందుగా మస్జిద్ చూపించారు, రెండు మీనార్లూ మెట్లతో సహా తెర నిండా పట్టాయి. తర్వాత గుమ్మటాలు. అమ్మగారు ఫోనును కళ్లకు దగ్గరగా పట్టుకుని వాటిని వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టారు.

చివరగా మా అమ్మాయి ఫోనును ఆమె చెవి దగ్గర ఉంచింది. గాలి హోరు, ఏదో పక్షి అరుపు, ఆ తర్వాత సన్నగా, ఎక్కడి నుంచో వస్తున్నట్లు మూడు చప్పుళ్లు.

"దాదీ, ఇవి మీ చప్పట్లే" అన్నది.

అమ్మగారు తలవంచి మరోసారి విన్నారు. తర్వాత నా వైపు చూసి, "ఇందులో నావి ఏవి, నీవి ఏవి?" అని అడిగారు.

"అన్నీ మీవే అమ్మీ" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఫోనును మళ్లీ చెవి దగ్గర పెట్టించుకున్నారు.